బందరు కాలువ మీద వెతికిన పడవ

పోర్టుబ్లెయిరులో ఉన్న మన తెలుగువాళ్లలో కృష్ణానదిని చూడనివాళ్లే ఎక్కువ. మొన్నటిదాకా నేనూ అంతే. పుట్టింది ఇక్కడే, చదువుకుంది ఇక్కడే. బడిలో పిల్లలకు గోడ మీద పటానికి కర్ర ఆనించి "ఇదిగో కృష్ణా డెల్టా" అని చూపించిందీ ఇక్కడే. కిందటి డిసెంబరులో, అంటే డెబ్భై నాలుగు చివర, రెండు నెలల సెలవు ముగించుకుని మేమిద్దరం తిరిగొచ్చాక అందరూ "ఏం చూశారు టీచరమ్మా?" అని అడిగారు. బ్యారేజీ చూశామన్నాను, కొండలు చూశామన్నాను, పెసరట్టు తిన్నామన్నాను. చివరి వారం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏడు నెలలు గడిచాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

భవానీపురం

మా ఆయన దైవసహాయం హార్బరు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనతో పనిచేసే మస్తాన్ గారి అక్క హజీరా గారిది బెజవాడలో భవానీపురం. భర్త పోయాక ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, బురఖాలు కుడుతుంది. తమ్ముడి ఉత్తరం పట్టుకుని వెళ్లిన మాకు మిద్దె మీద గది ఇచ్చింది. అందరూ పిలిచినట్టే నేనూ ఆమెను ఆపా అనేదాన్ని, అక్క అన్నమాట. రెండు నెలల్లో ఆమె గడప దాటి ఎక్కడికైనా వెళ్లడం నేను చూడలేదు. కూరగాయలు వీధిలోకి వస్తాయి, చేపలు గంపలో వస్తాయి, గుడ్డలు కుట్టించుకునేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే వింతగా తోచింది తెలుగు. ఇక్కడ మనం ఇల్లు దాటితే హిందీయే కదా. అక్కడ బస్సు కండక్టరు తెలుగులో కసురుతాడు, పోలీసు తెలుగులో అదిలిస్తాడు, బిచ్చగాడు తెలుగులో దీవిస్తాడు. మొదటి రోజుల్లో నేను పనేం లేకపోయినా వీధి చివర నిలబడి జనం మాటలు వినేదాన్ని. పావలా ఇచ్చి కాఫీ తాగుతూ పక్క బల్ల వాళ్ల కుటుంబ తగాదా అంతా విన్నాను. ఇద్దరూ "అండీ, అండీ" అనుకుంటూనే తిట్టుకున్నారు.

ఆదివారం కలకత్తా రైలు, మంగళవారం కలకత్తాలో విమానం. సీట్లు రెండు నెలల ముందే చేయించాం. అది తప్పితే మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలీదు, ఆయన సెలవు ఆ వారంతో సరి. ఇంక ఆరు రోజులే ఉన్నాయనగా ఆయన ఒక కోరిక కోరారు. మా మామగారు దీవులకు రాకముందు బందరు కాలువ మీద పడవలు లాగిన మనిషి. గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని పడవను లాగడం, లాకుల్లో నీళ్లు నిండుతుంటే పడవ పైకి లేవడం, ఇవన్నీ మా ఆయన చిన్నప్పుడు తండ్రి నోట విన్నవే. "ఆ లాకులు ఒక్కసారి చూసొద్దాం సుశీలా" అన్నారు.

లాకుల దగ్గర

మంగళవారం కంకిపాడులో బస్సు దిగి కాలువ గట్టున నడిచాం. రెండు పక్కలా వరి కోతకొచ్చింది. మన దగ్గర కొండవాలులో బెత్తెడు బెత్తెడు మళ్లు చూసిన కంటికి అంత చదునైన నేల చూస్తే కాళ్ల కింద ఏదో తగ్గినట్టుంటుంది. ఎక్కడా చివర కనపడదు.

లాకుల తలుపులు తీసేవాణ్ణి అక్కడ లస్కరు అంటారు. ముసలాయన. మేం దీవుల నుంచి వచ్చామంటే ముందు నమ్మలేదు, నమ్మాక చుట్ట పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ఆ రోజుల్లో ఇటు నుంచి కూడా ఆ దీవులకు పోయారండీ, విన్నాను" అన్నాడు. అప్పుడే కంకర పడవ ఒకటి లాకుల్లోకి వచ్చి ఆగింది. దాని ముక్కుకు నీలం రంగు వేసి ఉంది. మా ఆయన ఆ నీలం ముక్కు మీద చెయ్యి వేశారు. పడవ తన తండ్రిదే అన్నట్టు అంచు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టారు. కంకర గుట్ట వెనక పడుకున్న ఎర్రకుక్క మొరగలేదు, గుర్రుమనలేదు. లేచింది, పిక్క పట్టుకుంది, వదిలేసి మళ్లీ వెళ్లి పడుకుంది.

పడవ మనిషి తెడ్డు తీసి కుక్కను అదిలించాడు. "ఎప్పుడూ కరవదండీ ఇది, ఇవాళేమయిందో" అని నొచ్చుకున్నాడు. లస్కరు భార్య పరిగెత్తుకొచ్చి గాయంలో కారం కూరింది. ఆయన పళ్లు బిగబట్టి నవ్వుతూ "మా నాన్న ఊరు వాళ్లు బాగానే పలకరించారు" అన్నారు. లాకులు తెరుచుకున్నాయి. పడవ దిగువకు సాగిపోయింది. మేం చెయ్యి కూడా ఊపాం.

ఇంటికొచ్చి చెబితే ఆపా మిషను ఆపేసింది. "మొరగకుండా కరిచిందా?" అని అడిగింది. రెండోసారి కూడా అదే అడిగింది. తరవాత నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "మా వీధిలో ఒకాయన పిచ్చికుక్క కరిచి పోయాడు సుశీలా, మూడేళ్లయింది. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఆయన ఏమన్నా సరే తీసుకెళ్లు" అంది. మన దీవుల్లో పిచ్చికుక్క అన్న మాట నేను విన్నదాన్ని కాను. అంతవరకు తెలుగు మాట వినపడితే చాలు సంబరపడేదాన్ని. ఆ మాట విన్నాక మిద్దెక్కి ఆయన పిక్క మీది గాట్లు మళ్లీ చూశాను.

ఆసుపత్రి

బుధవారం పొద్దున్నే వెళ్లాం. అక్కడ మనుషులు బారులు తీరి ఉంటారు. కుక్క కాటువాళ్లకు వేరే వరస. ఆ వరసలో ఎవరూ మాట్లాడుకోరు. నా ముందున్న మైలవరం రైతు మాత్రం, "మా దూడను కూడా కరిచిందమ్మా. నిన్న చచ్చిపోయింది" అని తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ ముందు గాయాన్ని సబ్బునీళ్లతో చాలాసేపు కడిగించింది. కారం సంగతి విని నర్సు నా వైపు కోపంగా చూసింది. తరవాత డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "కుక్క ఏదీ?"

"పడవలో వెళ్లిపోయింది" అన్నారు మా ఆయన.

"పెంపుడుదేనా? అయితే వెతకండి. పది రోజులపాటు అది చక్కగా తిని తిరుగుతుంటే మీకు భయం లేదు. ఇంజెక్షన్లు ఆపేయచ్చు. ఈ మందు కూడా సరదాగా వేసుకునేది కాదు. ఎక్కడో ఒకరికి కాళ్లు పడిపోతాయి. కుక్క దొరక్కపోయినా, చచ్చినా మాత్రం రోజుకొకటి చొప్పున పద్నాలుగూ పూర్తి కావాలి. ఒక్కటి కూడా మానకూడదు."

"మానితే?" అన్నాను.

ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పింది. గొంతు బిగుసుకుపోవడం, దాహం వేస్తున్నా నీళ్లు చూస్తే వణికిపోవడం, ఒకసారి మొదలయితే వెనక్కి తిప్పే మందు లేకపోవడం, అన్నీ మెల్లగా చెప్పింది. అది వారాల్లో రావచ్చు, నెలల తరవాతా రావచ్చు. నేను బల్ల మీద కూర్చున్నాను. లోపల బొడ్డు పక్కన మొదటి సూది పొడిచినప్పుడు ఆయన "అబ్బా" అనడం వినపడింది. బయటికొచ్చి మాత్రం "దోమ కుట్టినట్టుంది, అంతే" అన్నారు. ఆ వారమంతా ఆయన అలాగే మాట్లాడారు. నేను భయమంటే నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా భయమేసేది.

కంకిపాడు నుంచి ఉయ్యూరు

గురువారం రెండో సూది అవగానే మళ్లీ లాకుల దగ్గరికి వెళ్లాం. లస్కరు తన పుస్తకం తిరగేశాడు. "వీరాస్వామి పడవండీ అది. ఉయ్యూరు దాటాక రోడ్డు పని జరుగుతోంది, అక్కడ కంకర దించాలి. తాడుతో లాగే పడవ ఎంత దూరం పోద్దిలెండి, దొరుకుద్ది" అన్నాడు.

ఉయ్యూరు దాకా బస్సు. ఊరంతా చెరుకు వాసన. బళ్ల మీద చెరుకు బారులు బారులుగా పోతుంటుంది. ఇరవై పైసలకు గ్లాసుడు రసం ఇచ్చారు. ఆయన తాగుతుంటే గుటక సరిగ్గా దిగుతోందా అని గొంతు వంక చూస్తూ నిలబడ్డాను. కరిచి రెండు రోజులే అయిందనీ, అంత త్వరగా ఏమీ రాదనీ డాక్టరమ్మ చెప్పింది. అయినా చూశాను.

గట్టు పట్టుకుని సాయంత్రం దాకా నడిచాం. నా చెప్పు తెగింది. చేత పట్టుకుని నడిచాను. గట్టు మీద ఎన్ని కుక్కలో! ఒక్కొక్కటి లేచి నిలబడినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని ఆగిపోయేదాన్ని. ఒక చోట ఇలాగే బిగుసుకుపోయి నిలబడితే, ఆ కుక్క నా చేతిలో చెప్పు వాసన చూసి తోక ఊపింది. గట్టు మీద కల్లు దించుకుని వస్తున్న మనిషి చూసి పడీపడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు మూడు పడవలు చూశాం. గడ్డి పడవ, ఇటుకల పడవ, ఖాళీ పడవ. ఏ ఒక్కదానికీ నీలం ముక్కు లేదు.

శుక్రవారం మూడో సూది. ఈసారి ఆయనకు ఒంట్లో వెచ్చగా ఉంది, బస్సులో నా భుజాన తల ఆనించుకున్నారు. ఉయ్యూరుకు కిందుగా, కోసిన మడిలో బాతుల్ని మేపుకుంటున్న ఒకాయన కనిపించాడు. వందల బాతులు. రాలిన గింజలు ఏరుకుంటూ మడంతా కదిలిపోతున్నట్టుంది. కోతలు ఎక్కడయితే అక్కడికి నెలల తరబడి వాటితో నడిచి వెళ్తారట.

"నీలం ముక్కు పడవా? ఆ వంపులో కట్టేసి ఉందమ్మా" అన్నాడు.

"కుక్క ఉందా అందులో? ఎర్రది?"

"కుక్కేం లేదే."



వంపులో పడవ

వీరాస్వామి మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది. మేం అడగకుండానే చెప్పాడు. "మీరెళ్లిన సాయంత్రం నుంచి కూడు ముట్టలేదండీ. గొంతు మారిపోయింది. నోట్లోంచి సొంగ. నిన్న గట్టు మీదకి దూకి కనపడిందల్లా కరవబోయింది. ఊళ్లోవాళ్లు కర్రలు తీసుకుని కొట్టి చంపేశారు. నాలుగేళ్లు పెంచానండీ దాన్ని."

రెండు రోజులు వెతికింది ఈ మాట వినడానికా! ఆయన నా పక్కనే నిలబడి దూరంగా బాతుల్ని చూస్తున్నారు. అప్పుడు నా మనసులో పుట్టిన మొదటి ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. ఇక్కడ పని అయిపోయింది, బస్సు అందుకోవాలి, పద్నాలుగు సూదులు ఎలా పూర్తి చేయించాలో చూసుకోవాలి, అంతే అనుకున్నాను. పడవలో పొయ్యి దగ్గర కూర్చున్న వీరాస్వామి భార్య కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచున ఆకుపచ్చని పసరు. నేను దాన్ని చూశాను. చూసి చూపు తిప్పుకున్నాను.

మా ఆయనే అడిగారు. "చేతికి ఏమయిందమ్మా?"

"బుధవారం అన్నం పెడుతుంటే కరిచిందండీ" అంది ఆమె. పేరు నాంచారమ్మ. పాతికేళ్లుంటాయి. "నాటువైద్యుడి దగ్గర పసరు పోయించుకున్నాను. నలభై రోజులు ఉప్పూ పులుపూ ముట్టకపోతే చాలన్నాడు."

"ఆసుపత్రికి రా నాంచారమ్మా" అన్నాను. "సూదులు వేయించుకోవాలి."

"ఎన్ని?"

"పద్నాలుగు. పొట్టలో."

ఆమె నవ్వేసింది. "అమ్మో, నేను రాను. కంకర దించకపోతే కంట్రాక్టరు ఊరుకోడు. నేను లేకపోతే ఈయనకి వంటెవరు చేస్తారు, పడవెవరు పడతారు?"

మా ఆయన చొక్కా పైకెత్తారు. బొడ్డు పక్కన మూడు చోట్ల ఎర్రగా గడ్డలు కట్టి ఉన్నాయి. నాంచారమ్మ పడవ అంచు దాకా వచ్చి వంగి చూసింది.

"నొప్పాండీ?"

"నొప్పే."

"మరెందుకు పొడిపించుకుంటున్నారు?"

ఆ జవాబు నేను చెప్పాను. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పిందంతా, ఒక్క మాట తగ్గించకుండా. ఆయన ముందు అంతవరకు చెప్పలేదు. ఆమెకు చెబుతుంటే ఆయనా విన్నారు. నీళ్ల సంగతి చెప్పినప్పుడు నాంచారమ్మ కాలువ వైపు తిరిగింది.

"నీళ్లంటే భయమా?" అంది. "నేను పుట్టింది పడవ మీదండీ. నీళ్లు చూడకుండా ఎట్టా బతుకుద్ది మనిషి?"

వీరాస్వామి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. పెళ్లాం వంక చూడకుండా, "వెళ్లు" అన్నాడు. ఆమె కదల్లేదు. "వెళ్లవే, నీ కాళ్లు మొక్కుతాను" అన్నాడు. గట్టు మీద మనుషులున్నారని కూడా చూడలేదు.

ఆమె రెండో చీర మూట కట్టుకుని మాతో బస్సెక్కింది. బస్సెక్కడం కొత్త కాదు కానీ, బెజవాడ ఆసుపత్రి అంటే కొత్త. దారి పొడుగునా నా కొంగు పట్టుకునే కూర్చుంది.

మళ్లీ భవానీపురం

ఆపా తలుపు తీసి ముగ్గుర్నీ చూసింది. ఎవరని అడగలేదు. చెయ్యి చూసింది, అర్థమైంది. బిందెలో నీళ్లు, సబ్బు తెచ్చి పెరట్లో కూర్చోబెట్టి పసరంతా తనే కడిగింది. "పద్నాలుగు రోజులూ నా దగ్గర ఉంటుంది. మీరు రైలెక్కండి" అంది. నాంచారమ్మ సంకోచంగా "మేం పడవ వాళ్లమండీ" అంది. "అయితే ఏం? కాజాలు కుట్టడం వచ్చా?" అంది ఆపా.

శనివారం ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. ఆయనకు నాలుగోది, ఆమెకు మొదటిది. లోపల నుంచి కేక వినపడింది. బయటికొచ్చి, "దోమ కుట్టినట్టుంది అన్నారు కదండీ!" అని ఆయన్ని నిలదీసింది. వరసలో అందరూ నవ్వారు. ఆ వరసలో నవ్వు నేను వినడం అదే మొదలు.

డాక్టరమ్మకు మా ప్రయాణం సంగతి చెప్పాను. దీవుల్లో మందు దొరుకుతుందో లేదో తెలీదన్నాను. ఆమె మిగతా మందు ఇప్పించింది. "ఫ్లాస్కులో మంచు పెట్టి తీసుకెళ్లండి. మంచు కరిగిపోనివ్వకండి. వెచ్చబడితే పనికిరాదు" అని చీటీ రాసిచ్చింది.

రైలు, విమానం

ఆదివారం ఉదయం అయిదో సూది అయ్యాక రైలెక్కాం. ఆ ప్రయాణంలో నేను చిలకా సరస్సు చూడాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. చూడలేదు. నా ఒళ్లో ఫ్లాస్కు. రాజమండ్రిలో మంచు, వాల్తేరులో మంచు. ఆయన ప్లాట్‌ఫారం మీద సోడా బండివాళ్ల వెంటపడి గడ్డలు కొనుక్కొచ్చేవారు. బరంపురంలో దొరకలేదు. మూత తీస్తే వేలెడు ముక్క మాత్రం తేలుతోంది. మా పెట్టెలో ఉన్న ఒక ఒరియా ముసలమ్మ ఏమనుకుందో ఏమో, తన తడి కండువా తీసి ఫ్లాస్కుకు చుట్టింది. ఇద్దరం ఒకరి భాష ఒకరికి తెలీకుండా ఖుర్దా దాకా దాన్ని విసురుతూ కూర్చున్నాం. అక్కడ మంచు దొరికింది. నేను ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేశాను.

కలకత్తాలో ఒక ఆసుపత్రిలో ఆరోది వేయించాం. మంగళవారం విమానంలో, సముద్రం మీద ఎగురుతున్నంతసేపూ ఆయన కిటికీలోంచి కిందికి చూస్తూనే ఉన్నారు. "అన్నీ నీళ్లే" అన్నారు ఒకసారి. ఆయన చెయ్యి నా చేతిలోనే పెట్టుకున్నాను. పోర్టుబ్లెయిరులో మిగతా ఎనిమిదీ పూర్తయ్యాయి. నడక బాగానే ఉంది, కాళ్లు బాగానే ఉన్నాయి.

ఉత్తరం

ఫిబ్రవరిలో ఆపా దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెకు తెలుగు రాయడం రాదు, పక్కింటి మాస్టారి చేత రాయించింది. సారాంశం ఇది.

ఎనిమిదో సూది అయ్యాక నాంచారమ్మ చెప్పకుండా వెళ్లిపోయింది. పడవ మళ్లీ కంకరతో దిగువకు బయల్దేరిందని కబురు తెలిసి, మొగుడి కోసం బెంగపెట్టుకుని వెళ్లిపోయింది. ఆపా మిషను మూసేసి, బురఖా వేసుకుని, జీవితంలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కింది. కంకిపాడులో దిగి లాకులెక్కడని అడుగుతూ వెళ్లింది. పడవ లాకుల్లోనే ఉంది. "రానని మొండికేసింది. సరే, నేనూ దిగను అని పడవెక్కి కంకర మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. వెనక పడవలవాళ్లు అరుస్తున్నారు. లాకుల ముసలాయన తలుపులు తియ్యలేదు. ఆఖరికి ఇద్దరూ దిగి నాతో బస్సెక్కారు. మిగతా ఆరూ దగ్గరుండి వేయించాను. మొన్న వచ్చి పోయింది. బాగుంది. ఒక పెద్ద బొమ్మిడాయల పులుసు కుండ తెచ్చి ఇచ్చింది."

ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. ఆయన వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. ఒక బూటు చేతిలోనే ఉండిపోయింది. "నాక్కూడా భయమేసింది సుశీలా" అన్నారు.

"ఎప్పుడు?"

"కరిచినప్పటి నుంచీ."

నేను వెళ్లి ఆయన పక్కన గడప మీద కూర్చున్నాను.